గొళ్లెం వెనక పనితనం

కొత్తచెరువులో ఇల్లు కట్టుకునేవాళ్లు తాళం ఏ కంపెనీదని చూస్తారు, ద్వారబంధం ఎవరు నిలబెట్టారో కూడా అంతే శ్రద్ధగా చూడాలి. అలీగఢ్ తాళంకప్ప ఎంత గట్టిదైనా దాని బలం గొళ్లేనిదే, గొళ్లెం బలం స్క్రూలది, స్క్రూల బలం చెక్కది. గడ్డపారతో మెలిపెడితే తరచూ తాళం తెగకముందే పొట్టి స్క్రూలు ఊడొస్తాయి. ఇది తెలిసిన వడ్రంగి గొళ్లేనికి తలుపు గుండా బోల్టులు దించి, నట్లు లోపలివైపు బిగిస్తాడు. గడియ దూరేచోట ఇనుప పట్టీకి మూడంగుళాల స్క్రూలు వేస్తాడు. ద్వారబంధాన్ని గోడలోకి ఇనుప పట్టీలతో, సిమెంటుతో పట్టిస్తాడు. రంగు వేశాక ఇందులో చాలా భాగం ఎవరికీ కనబడదు. అయినా ఒళ్లు దాచుకోకుండా చేస్తాడే, ఆ నిజాయితీకి నా నమస్కారం.

పట్టుబట్టిన దొంగను ఏ తలుపూ ఆపలేదంటారు. నిజమే, కానీ గట్టి తలుపు దొంగ చేత చప్పుడు చేయిస్తుంది, ఆలస్యం చేయిస్తుంది, ఆ రెండూ అతనికి గిట్టవు. ఊరెళ్లేటప్పుడు చెబితే పోలీసులు తాళమేసిన ఇంటిని కనిపెట్టుకునే ఎల్‌హెచ్‌ఎంఎస్ కెమెరా పెడతారు కదా అనొచ్చు. కెమెరా కబురు చెబుతుంది, పోలీసులు చేరేదాకా నిలబడాల్సింది తలుపే. ధర్మవరం నేతగాళ్ల ఇళ్లలో మగ్గం, పట్టు, జరీ ఒకే కప్పు కింద ఉంటాయి. అక్కడ పొడుగు స్క్రూలకయ్యే ఖర్చు చీర అంచు ఖరీదంత కూడా ఉండదు.