బొంగరం వదిలిన చెయ్యి: పల్నాటి వీరకథలో ఆసరా, ఎదుగుదల

పల్నాటి వీరుల కథ, సుమారు 1182లో కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున జరిగిన దాయాదుల యుద్ధం చుట్టూ అల్లుకున్న పాట. గురజాల నలగామరాజు ఒకవైపు, మాచర్ల మలిదేవరాజు ఇంకోవైపు. వాళ్ల వెనక నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మలిదేవుల పరివారం మాచర్ల వదిలి ఏళ్ల తరబడి వలసపోయింది. ఆ వలసదారిలో కథ చెప్పే మండాది ఇప్పటి వెల్దుర్తి మండలంలో ఉంది. ఆవులమందల మీద నాగమ్మ మనుషులు పడ్డది అక్కడేనని పాట. అందుకే వెల్దుర్తి, మాచర్ల, గురజాల వైపు జనానికి ఇందులోని ఊళ్లు పుస్తకంలో పేర్లు కావు, బస్సెక్కి పోయివచ్చే ఊళ్లు.

యుద్ధకథగా పేరుపడిన ఈ గాథలో పాడేవాళ్లు మనసుపెట్టి పాడేదీ, వినేవాళ్లు కన్నీళ్లు పెట్టుకునేదీ బాలచంద్రుడి భాగం. బ్రహ్మనాయుడి కొడుకు, అమ్మ ఐతాంబ చాటున పెరిగినవాడు, బొంగరాలాటలో పొద్దుపుచ్చేవాడు, కత్తి పట్టి కారంపూడి చేరేదాకా జరిగిన ప్రయాణం అది. ఒకరి మీద ఆనుకుని బతకడం ఎలా ఉంటుంది, ఆ ఆసరా నుంచి మనిషి ఎలా బయటికొస్తాడు, బయటికొచ్చినందుకు ఎవరు ఏమి పోగొట్టుకుంటారు అన్న మూడు ప్రశ్నలనూ ఈ పాట విడిచిపెట్టదు.

దీన్ని తరతరాలుగా పాడుతున్నవాళ్లు వీరవిద్యవంతులు, ఎక్కువమంది మాల కులస్థులు. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధిలో ఒక స్త్రీ వాద్యం మోగిస్తూ వీరుల కథను ద్విపదలో పాడే దృశ్యం ఉంది. అంటే పాట పలనాడు దాటి ఎప్పుడో రాజధాని వీధుల్లోకి వెళ్లింది. శ్రీనాథుడి పేరున నిలిచిన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించారు. అందులో మనకు దక్కిన ముఖ్యభాగం కూడా బాలచంద్ర యుద్ధమే. అలిశెట్టి గాలెయ్య నోటి పాటను ఆధారం చేసుకుని జీన్ రోగైర్ రాసిన ఇంగ్లీషు అనువాదమూ పరిశీలనా 1982లో వెలువడ్డాయి. రాతకూ నోటికీ మధ్య కథ ఇలా అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

పాట పనితనం ఛందస్సుతో మొదలవుతుంది. ద్విపదకు పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. రెండేసి పాదాలను ప్రాస జతకడుతుంది. శ్రీనాథుడు వాడింది మంజరీ ద్విపద, అందులో ప్రాస నియమం లేదు. చూడటానికి చిన్న సడలింపే గాని, పాడేవాడికి అది పెద్ద వెసులుబాటు. ప్రాసకోసం మాట వెతుక్కుంటూ ఆగాల్సిన పని లేదు. ఒక పాదం కొస పట్టుకుని తర్వాతి పాదం వచ్చేస్తుంది. తల్లి కొడుకును వారించే మాటలు ఎంతసేపైనా సాగదీయవచ్చు, కొడుకు మొండితనం ఒక్క పాదంలో తెంచేయవచ్చు. నోటి పాటలో ఈ నడక మధ్య వచనమూ కలుస్తుంది. కథ కదలాల్సిన చోట వచనం, మనసు ఆగాల్సిన చోట పాట.

వాద్యాల్లో పంబది పెద్దపీట. తిత్తి ఆగకుండా శ్రుతి పట్టి ఉంచుతుంది, తాళాలు నడకను కాస్తాయి. కథకుడి పక్కన వంత నిలబడతాడు. కథకుడు వదిలిన చివరి మాటను వంత అందుకుని మళ్లీ అంటాడు. వినేవాడి చెవిలో మాట రెండోసారి పడుతుంది. ఈలోపు కథకుడు ఊపిరి తీసుకుని వచ్చే పాదాన్ని మనసులో సిద్ధం చేసుకుంటాడు. పొద్దుపోయేదాకా, ఒక్కోసారి తెల్లవార్లూ సాగే పాటకు ఇది ప్రాణాధారం. ఒంటరిగా ఎంత గొప్ప గాయకుడైనా ఈ కథను మోయలేడు.

ఇంకో నేర్పు కాలాన్ని పంచడంలో ఉంది. కత్తులు దూసుకునే ఘట్టం కంటే ఇంటి గడప దాటే ఘట్టం పొడుగు. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరాలని నిశ్చయించుకున్న తర్వాత కూడా కథ అతన్ని తొందరగా పంపదు. ఒక్కో గడప దగ్గరా నిలబెడుతుంది, ఒక్కో చేతిని విడిపిస్తుంది. ఎదగడమంటే ఒక్క ఉదుటున జరిగేది కాదని ఈ నిదానమే వినేవాడికి తెలియజెబుతుంది.

మొదటి గడప ఆట. బాలచంద్రుడు, అతను తమ్ములని పిలుచుకునే తోటి కుర్రాళ్లు బొంగరాలాడుతున్నారు. వాళ్లది ఒకే కులం కాదు. కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, బ్రాహ్మణ ఇళ్ల పిల్లలంతా ఒక జట్టు. తాడు చుట్టి విసిరిన బొంగరం గతితప్పి దారినపోయే అన్నమ అనే కోమటి స్త్రీ పాదాన్ని గాయపరుస్తుంది. మేకు దిగిన నొప్పితో ఆమె అన్న మాట కథనే మలుపు తిప్పుతుంది: మీవాళ్లంతా కారంపూడిలో చావుకు ఎదురునిలిస్తే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని. యుద్ధం మొదలవబోతోందన్న సంగతి అతనికి అప్పటిదాకా తెలియనివ్వలేదు. ఇంట్లోవాళ్లు ప్రేమతో కట్టిన గోడను పరాయిమనిషి కోపం కూలగొట్టింది. తెలుగు కథల్లో ఒక కుర్రవాడి బాల్యం ముగిసిన క్షణాన్ని ఇంత కచ్చితంగా పట్టుకున్న ఘట్టం మరొకటి దొరకడం కష్టం.

రెండోది అమ్మ. ఐతాంబ నోములు నోచి కన్న కొడుకు. యుద్ధం ఎంత భయంకరమో చెబుతుంది, వయసు చాలదంటుంది, బతిమాలుతుంది. ఆమె వారించేకొద్దీ కొడుకు మాట గట్టిపడుతుంది. చివరికి ఆమే బొట్టు పెట్టి దీవిస్తుంది. ఇక్కడ పాట తల్లిని తప్పుపట్టదు, కొడుకును ఎగతాళి చేయదు. చాటున పెరగడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. ఆ చాటు ఇచ్చిన మనిషే దాన్ని తొలగించి పంపడంలో ఉన్న బరువును మాత్రం కథ పూర్తిగా చూపిస్తుంది.

మూడోది మాంచాల. బాలచంద్రుడు శ్యామాంగి అనే వేశ్య మోజులో పడి పెళ్లాం ముఖం చూడనివాడు. తల్లి మాట మీద సెలవు తీసుకోవడానికి మొదటిసారిగా అత్తవారింటికి వెళతాడు. అక్కడ మాంచాలను చూసి మనసు జారి, వచ్చిన పని మరుస్తాడు. ఆమెకు అన్నాళ్లూ కాచుకున్న సుఖం కళ్లెదుట ఉంది. ఒక్కరాత్రి ఆపినా ఎవరూ తప్పుపట్టరు. ఆమె ఆపదు. యుద్ధాన్ని గుర్తుచేసి, తన చేత్తోనే కత్తి అందించి పంపుతుంది. పాటలో పంబ సద్దుమణిగి గొంతు ముందుకు రావాల్సిన చోటు ఇదే.

ఈ దృశ్యానికి దగ్గరి చుట్టం లాంటిది ఈతరం పిల్లలు చూసే జపాన్ యానిమేలో ఉంది. నాగత్సుకి తప్పెయి రాసిన రీ:జీరో 2016లో టీవీ సీరియల్‌గా వచ్చింది. అందులో సుబారు అనే కుర్రవాడు మాయాలోకంలో చిక్కుకుంటాడు. చచ్చినప్పుడల్లా కాలంలో వెనక్కి వెళ్లి మళ్లీ బతుకుతాడు. అన్నివైపులా ఓడిపోయి, తనతో పారిపోయి రమ్మని రెమ్ అనే అమ్మాయిని అడుగుతాడు. ఆమె అతన్ని ప్రేమిస్తోంది, అయినా కాదంటుంది. సున్నా నుంచి మళ్లీ మొదలుపెట్టమని నిలబెడుతుంది. 18వ ఎపిసోడ్ అంతా ఈ ఇద్దరి మాటలే, కత్తి దూసేవాడు లేడు. గడప దగ్గర కథను ఆపే పలనాటి పద్ధతి అక్కడా కనిపిస్తుంది. తేడా ఒకటుంది. సుబారు తప్పు దిద్దుకోవడానికి చావు తర్వాత కూడా వ్యవధి ఉంది. బాలచంద్రుడికి ఒకటే పోరు, ఒకటే చావు. అందుకే మాంచాల మాటకు బరువెక్కువ: ఆమె పంపుతున్నది తిరిగిరాని చోటికని ఆమెకు తెలుసు.

నాలుగో గడప అనపోతు. ఇది అన్నిటికన్నా కఠినమైనది, వీరకథ నిజాయితీ తేలేదీ ఇక్కడే. జట్టులోని బ్రాహ్మణ కుర్రవాడు అనపోతును యుద్ధంలో చావనివ్వడం బాలచంద్రుడికి ఇష్టం లేదు. మరచిన వస్తువు తెమ్మని మిషపెట్టి అతన్ని వెనక్కి పంపి, మిగిలినవాళ్లతో ముందుకు సాగిపోతాడు. మోసం తెలుసుకున్న అనపోతు తనను వదిలి వెళ్లారన్న బాధతో ప్రాణం తీసుకుంటాడు. అమ్మ తనకు చేసినదాన్నే బాలచంద్రుడు స్నేహితుడికి చేశాడు: ప్రేమతోనే దాచిపెట్టాడు, అడగకుండానే నిర్ణయించాడు. ఎదిగినవాడు చేసిన తొలి పెద్ద పని ఒక తప్పు. వీరుణ్ణి పొగడటానికి పుట్టిన పాట ఈ తప్పును కప్పిపెట్టకుండా పాడటం దాని గొప్పతనం.

ఆ తర్వాత యుద్ధమంతా వేగంగా సాగుతుంది. బాలచంద్రుడు నాగులేటి ఒడ్డున నేలకొరుగుతాడు, రెండువైపులా వీరులు రాలిపోతారు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని జనం నమ్మకం.

పాడిన కథను నేల మీద నడిపించేది కారంపూడి వీరుల ఉత్సవం. ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఆచారవంతులు తమ ఇళ్లలో పూజలందుకునే కొణతాలను, అంటే వీరుల ఆయుధాలను, ఊరూరి నుంచి భుజాన మోసుకొస్తారు. నాగులేట్లో స్నానం చేయించి వీర్లగుడి దగ్గరికి చేరుస్తారు. మందపోరు రోజు చాపకూడు: పరిచిన చాపల మీద అన్ని కులాలవాళ్లూ ఒకే వరసలో కూర్చుని తింటారు. బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని చెప్పే ఈ భోజనమే బొంగరాలాడిన ఆ జట్టుకు మూలం. కల్లిపాడు నాటికి కొణతాలు పట్టినవాళ్లు ఆవేశంతో ఊగిపోతూ, వీరుల్లాగే నేలకొరుగుతారు.

విద్య నేర్చే పద్ధతిలోనూ ఆసరాదే మొదటి మెట్టు. పాట నేర్వదలచినవాడు ముందు వంతగా నిలబడతాడు. తన మాట లేదు, పెద్దవాడు వదిలిన మాటను అందుకోవడమే పని. ఆ అందుకోవడంలోనే ఎక్కడ ఆగాలో, ఎక్కడ పంబకు చోటివ్వాలో, మాంచాల గడప దగ్గర గొంతు ఎంత దించాలో ఒంటికి పడుతుంది. ఒకనాటి రాత్రి పెద్దవాడు అలసి పక్కకు జరుగుతాడు. కుర్రవాడు పాదం మొదలుపెడతాడు, ఈసారి చివరిమాట అందుకునేది ఆ పెద్దగొంతే.