యుద్ధకాలంలో ఒక మేసన్ లాడ్జి: కిప్లింగ్ కథల పరిశీలన

వ్యాససంగ్రహం: మొదటి ప్రపంచయుద్ధ కాలపు లండన్‌లో ఒక చిన్న ఫ్రీమేసన్ లాడ్జిని కల్పించి, దాని చుట్టూ రుడ్యార్డ్ కిప్లింగ్ కొన్ని కథలు రాశాడు. యుద్ధం ఒక సోదరసంఘపు జీవనక్రమాన్ని ఎలా తలకిందులు చేసిందో, ఆ సంఘపు కర్మకాండ దుఃఖితులను ఎంతవరకు ఆదుకోగలిగిందో ఈ కథల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫ్రీమేసన్రీ, లాడ్జి, మొదటి ప్రపంచయుద్ధం, కిప్లింగ్, కర్మకాండ, స్మృతి, పుత్రశోకం.

ఉపోద్ఘాతం

తెలుగు పాఠకునికి 'లాడ్జి' అనగానే బస్టాండు ఎదుట ఒక రాత్రికి అద్దెకు దొరికే గది స్ఫురిస్తుంది. ఫ్రీమేసన్ల పరిభాషలో ఆ మాటకు అర్థం వేరు. అనుమతిపత్రం పొంది, నియమిత దినాల్లో కలుసుకొని, తరతరాలుగా వస్తున్న కర్మకాండను కంఠస్థంగా జరిపే సభ్యుల సమూహమే లాడ్జి. వారు కలుసుకునే కట్టడాన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి 1872 నుండి ఇటువంటి సమావేశాలకు నెలవు. మూసిన తలుపుల వెనుక ఏం జరుగుతుందో తెలియని జనం ఈ భవనాలను 'జాదూఘర్' అన్నారు. కిప్లింగ్ 'కిమ్' (1901) నవలలో ఆ పేరునే వాడుకున్నాడు. అందులో తండ్రి తాలూకు మేసన్ పత్రాలు అనాథ బాలుడి మెడలో తాయెత్తుగా ఉంటాయి. అతడు ఎవరి బిడ్డో సైనికులకు తెలిపేవి అవే.

యుద్ధం ముగుస్తున్న 1918లో వెలువడిన 'ఇన్ ది ఇంటరెస్ట్స్ ఆఫ్ ది బ్రెదరెన్' కథలో మాత్రం పత్రాలకు ఆ శక్తి లేదు. యుద్ధరంగం నుండి వచ్చిన మనుషుల్లో పత్రాలు లేనివారున్నారు, జ్ఞాపకం చెదిరినవారున్నారు. ఒక మనిషి తాను ఫలానా సంఘానికి చెందినవాడినని దేనితో రుజువు చేసుకోవాలి? ఈ ప్రశ్నే ఆ కథకు ప్రాణం. 'డెబిట్స్ అండ్ క్రెడిట్స్' (1926) సంపుటిలో అదే లాడ్జి నేపథ్యంగా వచ్చిన మరి మూడు కథలకు కూడా మూలం అదే.

యుద్ధం తెచ్చిన అంతరాయం

లాడ్జి జీవితానికి ఆధారం క్రమం. సమావేశపు రోజు మారదు. ఎవరి ఆసనం ఏదో ముందే నిర్ణయమై ఉంటుంది. చిన్న పదవి నుండి గురుపీఠం వరకు ఒక్కొక్క మెట్టే ఎక్కాలి. ఆంగ్ల సంప్రదాయంలో ఒక దీక్షకు, తరువాతి దీక్షకు నడుమ కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. కందకాల నుండి కొద్ది రోజుల సెలవు మీద ఇల్లు చేరిన సైనికుడి కాలానికీ, ఈ కాలానికీ పొత్తు కుదరదు. నాలుగు వారాల తరువాత అతడు బతికి ఉంటాడన్న భరోసా కూడా లేదు.

రెండవ దెబ్బ సోదరభావం మీదే పడింది. జాతి, మతం, రాజకీయం గడప బయటే వదలి రావాలన్నది మేసన్ల తొలి నియమాల్లో ఒకటి. అయినా 1915లో ఇంగ్లాండు గ్రాండ్ లాడ్జి జర్మన్, ఆస్ట్రియన్, హంగేరియన్, టర్కిష్ జన్మగల సభ్యులు యుద్ధం ముగిసేదాకా సమావేశాలకు రాకూడదని నిర్ణయించింది. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చొని భోజనం చేసినవారికి వారి పుట్టిన ఊరే అడ్డుగోడ అయింది. కిప్లింగ్ తన కథలను ఈ వైపుకు తిప్పలేదు. అతని లాడ్జి తలుపు తెరచుకున్నది మిత్రపక్షపు సైనికులకే.

దీనికి భిన్నమైన దృశ్యం మరొకటి ఉంది. హాలెండులో నిర్బంధంలో ఉన్న బ్రిటిష్ సైనికులు 1918లో గ్రోనింగెన్ పట్టణంలో ఒక లాడ్జి స్థాపించుకున్నారు. దాని సంఖ్య 3970. పేరు డచ్చి భాషలో 'ఆతిథ్యం' అనే అర్థమిచ్చే మాట. ఈ సంఖ్యను గుర్తుంచుకుంటే కిప్లింగ్ చేసిన ఒక చిన్న చమత్కారం బోధపడుతుంది. అతని లాడ్జి పేరు 'ఫెయిత్ అండ్ వర్క్స్', సంఖ్య 5837. ఆనాటికి ఆంగ్ల లాడ్జీల వరుస నాలుగు వేల దరిదాపులకే చేరింది. అంటే కథలోని లాడ్జి లేదు, ఇంకా రాలేదు. విశ్వాసం, కర్మ రెండూ కలిసిన సంఘం ఎప్పటికైనా రావాలన్న కోరిక ఆ సంఖ్యలో ఉంది.

పరీక్షగది

కథ పక్షుల దుకాణంలో మొదలవుతుంది. కథకునికి అక్కడ పరిచయమైన బర్జెస్ అనే పెద్దమనిషి ఒక పొగాకు వ్యాపారి. దుకాణం పేరు 'బర్జెస్ అండ్ సన్'. కొడుకు ఈజిప్టులో యుద్ధంలో చనిపోయాడు. కిప్లింగ్ ఈ సమాచారాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తాడు. తెలుగులో పుత్రశోకం రాయబూనిన వారిలో ఇంత పొదుపు అరుదు.

బర్జెస్ కథకుణ్ణి తమ లాడ్జికి తీసుకుపోతాడు. అక్కడ జరుగుతున్నది పూర్తి స్థాయి లాడ్జి కాదు, 'అభ్యాస లాడ్జి'. గుర్తింపు పొందిన లాడ్జికి అనుబంధంగా ఉండి, కర్మకాండను తప్పుల్లేకుండా నేర్చుకోవడానికి జరిపే సాధన అది; అక్కడ నిజమైన దీక్ష ఇవ్వరు. కిప్లింగ్ ఎంపికలోని సూక్ష్మం ఇక్కడే ఉంది. నియమాలు ససేమిరా మారని సంస్థలో, నియమాన్ని తప్పకుండానే తలుపు వెడల్పు చేయగల సందు ఇదొక్కటే. ఊరుకాని ఊళ్లో, ఆసుపత్రికీ రైలుస్టేషనుకూ నడుమ చిక్కుకున్న సైనికులకు ఆ సాధన ఒక సాయంత్రపు ఆశ్రయమవుతుంది. తినడానికి ఇంత, మాట్లాడుకోవడానికి నలుగురు, చేతులకు ఏదో ఒక పని. తెలుగువాడి 'లాడ్జి'కీ, మేసన్ల లాడ్జికీ ఇక్కడ అనుకోని చుట్టరికం కుదురుతుంది.

కథలో అన్నిటికంటే బలమైన భాగం పరీక్షగది. కొత్తగా వచ్చినవాడు నిజమైన మేసనో కాదో తేల్చడానికి సంకేతాలు, మాటలు అడుగుతారు. మామూలు రోజుల్లో ఇది లాంఛనం. యుద్ధంలో అవయవాలు పోయినవాడు సంకేతం ఎలా చూపాలి? పేలుడుకు మతి చెదిరినవాడు మాటలు ఎలా అప్పగించాలి? పరీక్షించేవారు నియమాన్ని పక్కన పెట్టరు. దాని వెనుక ఉన్న మనిషిని చూస్తారు. మాట మరచిపోయినవాడిలో కూడా అభ్యాసం మిగిలే ఉంటుందని కిప్లింగ్ నమ్మకం. వేదపాఠశాలలో చిన్ననాడు వల్లె వేసిన పనస ముసలితనంలో పేర్లన్నీ మరచిన నోటికి కూడా వస్తుందని తెలిసిన సమాజానికి ఈ నమ్మకం కొత్త కాదు.

అయినా కథగా తూచితే దీని బరువు తక్కువే. సంఘర్షణ లేదు, ఎదురుచెప్పే పాత్ర లేదు. పై అధికారులు ఏమంటారోనన్న సందేహం తలెత్తుతుంది గాని నిలబడదు. కొన్ని పుటలు కథ కంటే విజ్ఞాపనపత్రానికి దగ్గరగా ఉన్నాయి. దానిని నిలబెట్టేది మౌనంగా అటూ ఇటూ తిరుగుతూ అందరికీ ఆతిథ్యమిచ్చే బర్జెస్. ఊరివారి కొడుకులందరికీ భోజనం పెట్టే ఆ తండ్రికి తన కొడుక్కి పెట్టే అవకాశం లేదు.

దొరకని శవం

కిప్లింగ్ ఏకైక కుమారుడు జాన్ చూపు మందగించినవాడు. సైన్యం తిరస్కరించిన ఆ పిల్లవాడికి తండ్రే తన పలుకుబడితో ఐరిష్ గార్డ్స్‌లో చోటు ఇప్పించాడు. 1915 సెప్టెంబరు 27న లూస్ యుద్ధంలో జాన్ కనిపించకుండా పోయాడు. అప్పటికి అతని వయసు పద్దెనిమిది. తండ్రి జీవించి ఉండగా శవం గుర్తింపబడలేదు. 1917లో కిప్లింగ్ యుద్ధసమాధుల సంఘంలో సభ్యుడై, తుదివరకు ఇతరుల బిడ్డల సమాధుల కోసం పనిచేశాడు.

మేసన్ల మూడవ దీక్షకు ఆధారమైన పురాగాథను ఈ జీవితం పక్కన పెట్టి చూడాలి. సొలొమోను ఆలయాన్ని నిర్మించిన ప్రధానశిల్పి హీరాము, రహస్యపదాన్ని చెప్పనందుకు ముగ్గురు పనివారి చేతిలో హతుడవుతాడు. శవాన్ని రహస్యంగా పూడ్చిపెడతారు. వెదుకుతూ వెళ్లినవారికి ఒక తుమ్మజాతి కొమ్మ ఆనవాలై ఆ చోటు దొరుకుతుంది. శవాన్ని పైకెత్తుతారు, పదం మాత్రం పోయిందే. దీక్ష పొందేవాడు ఆ శిల్పి స్థానంలో పడుకొని, సోదరుల చేయూతతో లేస్తాడు.

కొడుకు శవం దొరకని తండ్రికి ఈ తంతు ఏమై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. లాడ్జిలో ప్రతిసారీ వెదుకులాట ఫలిస్తుంది, లూస్‌లో ఫలించలేదు. కిప్లింగ్ ఈ పోలికను ఎక్కడా విప్పి చెప్పడు. కాని 1924లో వెలువడిన 'ది జేనైట్స్' కథలో, మతి సరిగా లేని మాజీ సైనికుడు హంబర్‌స్టాల్ లాడ్జిలో కూర్చొని శ్రద్ధగా తుడిచి మెరుగుపెడుతున్నవి అకేషియా చెక్క పలకలు. ఆ తుమ్మజాతి కర్రే. చనిపోయిన తన దళం గురించి అతడు మాట్లాడుతున్నంతసేపూ చేతులు ఆ పలకల మీదే ఉంటాయి.

కర్మకాండ ఓడినచోట

యుద్ధం ముగిశాక రాసిన కథల్లో కిప్లింగ్ విశ్వాసం సడలింది. కథనశిల్పం మాత్రం పదునెక్కింది. హంబర్‌స్టాల్ పనిచేసిన ఫిరంగిదళంలో అధికారులు కొందరు జేన్ ఆస్టెన్ నవలల అభిమానులు. వారి మాటల్లో పదేపదే వినిపించే 'జేన్' ఒక రహస్యసంఘపు అధిదేవత అని అతడు భ్రమపడతాడు. తోటి పరిచారకుడు మాక్లిన్ డబ్బు తీసుకొని ఆ సంఘపు 'దీక్ష'లు నేర్పుతాడు. ఫిరంగుల మీద ఆస్టెన్ పాత్రల పేర్లు సుద్దతో రాసేదాకా సంగతి వెళ్తుంది. ఇది మేసన్ల సంఘానికే వేసిన వేళాకోళపు వేషం. దానిని లాడ్జిలోనే, పండుగలా చెప్పించాడు. 1918 మార్చి నాటి జర్మన్ దాడిలో దళమంతా నేలకూలుతుంది. మిగిలిన హంబర్‌స్టాల్‌కు కిక్కిరిసిన ఆసుపత్రి రైలులో చోటు దొరకదు. గలగలా మాట్లాడే నర్సును ఆస్టెన్ నవలలోని మిస్ బేట్స్‌తో పోల్చిన అతని మాట మరొక సిస్టర్ చెవిన పడి, చోటు దొరుకుతుంది. అతణ్ణి బతికించిన సంకేతం ఏ లాడ్జీ ఇచ్చింది కాదు, ఒక నవల ఇచ్చింది. నాలుగు కథల్లో ఉత్తమమైనది ఇదే కావడానికి కారణం, తాను నమ్మినదానిని చూసి తానే నవ్వగలగడం.

'ఎ మడోనా ఆఫ్ ది ట్రెంచెస్' (1924) మరింత చీకటిది. స్ట్రాంగ్‌విక్ అనే యువకుడు లాడ్జి జరుగుతుండగానే ఉన్మాదంతో కుప్పకూలుతాడు. కందకాల్లో గడ్డకట్టిన శవాల మీద నడిచిన భయమే కారణమని అతడు చెబుతాడు; డాక్టర్ కీడ్ నమ్మడు. అసలు కారణం, ఇంగ్లాండులో మరణించిన తన ఆర్మీన్ అత్త ఆకారం కందకంలో ప్రత్యక్షమవడం, ఆమెను ప్రేమించిన సార్జెంట్ గాడ్‌సో బొగ్గుల కుంపట్లతో గదిలో తలుపులు బిగించుకొని ఆమె వెంట వెళ్లిపోవడం. మృతులు లేస్తారన్నది లాడ్జిలో ఓదార్పు. స్ట్రాంగ్‌విక్‌కు అదే తట్టుకోలేని సంగతి. అతణ్ణి లాడ్జికి తీసుకొచ్చిన వృద్ధ సభ్యుడు ఆమె భర్తేనని చివరలో తెలుస్తుంది. విన్నవారు ఆ ముసలాయనకు ఏమీ చెప్పరు. సోదరుని పట్ల సోదరులు చేయగలిగిన మేలు ఇక్కడ సత్యం దాచడమే.

'ఎ ఫ్రెండ్ ఆఫ్ ది ఫ్యామిలీ'లో లాడ్జి భోజనపు బల్ల దగ్గర వినిపించేది ఒక పగ కథ. చనిపోయిన మిత్రుడికి ఊరు చేసిన అన్యాయానికి ఆస్ట్రేలియా సైనికుడు హిక్‌మట్ బాంబులతో బదులు తీర్చుకుంటాడు. బల్ల చుట్టూ ఉన్నవారు దానిని నిరసించరు. ఈ కథ మీద ఎక్కువ చెప్పవలసినది లేదు. ఆ నవ్వులే చాలు.

లాహోరు నుండి లండనుకు

కిప్లింగ్ 1886లో, ఇరవై ఒకటి నిండకముందే, ప్రత్యేక అనుమతితో లాహోరులోని 'హోప్ అండ్ పర్సివరెన్స్' లాడ్జి (సంఖ్య 782)లో దీక్ష పొందాడు. తనను చేర్చుకున్నవాడు బ్రహ్మసమాజ హిందువు అనీ, తరువాతి దీక్ష ఇచ్చినవాడు ముస్లిం అనీ, ద్వారపాలకుడు భారతీయ యూదుడనీ స్వీయచరిత్రలో గర్వంగా రాసుకున్నాడు. 'ది మదర్ లాడ్జ్' కవితలో ఆ కూడిక మీద బెంగ పెట్టుకున్న సైనికుని గొంతు వినిపిస్తుంది.

ఆ లాహోరు సోదరులు 5837 సంఖ్యగల లాడ్జిలో ఏమయ్యారు? 1914 చివరి నుండి భారతీయ దళాలు ఫ్రాన్సులో పోరాడాయి. గాయపడినవారు ఇంగ్లాండు ఆసుపత్రులకు చేరారు. అయినా ఈ నాలుగు కథలను నడిపే పాత్రల్లో భారతీయుడొక్కడూ లేడు. ఆస్ట్రేలియాకు చోటు దొరికింది, లాహోరుకు దొరకలేదు. మతి చెదిరినవాడిని సైతం గుర్తించగలిగిన పరీక్షగది వీరిని పరీక్షించనే లేదు. యువకుడిగా రాసినప్పుడు వలసదేశంలో సాధ్యమనుకున్న కూడికను, పుత్రశోకంలో ఉన్న పెద్దవాడు రాజధానీ నగరంలో ఊహించలేకపోయాడు. యుద్ధం లాడ్జి తలుపును ఒకవైపు వెడల్పు చేసి మరొకవైపు మూసిందనడానికి గ్రాండ్ లాడ్జి తీర్మానం కంటే ఈ మౌనమే పెద్ద సాక్ష్యం.

1927 అక్టోబరులో ఫ్రాన్సులోని నెవ్ షపెల్ వద్ద, సమాధి లేని నాలుగు వేల ఏడువందలకు పైగా భారతీయ సైనికుల పేర్లు చెక్కిన స్మారకాన్ని ఆవిష్కరించినప్పుడు కిప్లింగ్ అక్కడ ఉన్నాడు. జాన్ పేరు చెక్కవలసిన లూస్ స్మారకం అక్కడికి దూరం కాదు.