విల్లీస్‌ను బతికించే చేతులు

మే నెలలో రాయ్‌పూర్ ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఆ ఎండలో 1940ల నాటి విల్లీస్ జీపు సిగ్నల్ దగ్గర ఆగి కదలనని మొండికేస్తే కుర్ర మెకానిక్ బ్యాటరీ చూస్తాడు, ప్లగ్గులు విప్పుతాడు, చివరికి బండిని లాక్కెళ్లాల్సిందే అంటాడు. పాత మేస్త్రి మాత్రం బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద వేళ్లు ఆనిస్తాడు. చురుక్కుమంటే జబ్బు తెలిసిపోయినట్టే. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయింది, పంపు లాగడానికి ద్రవం మిగల్లేదు. పంపుకు తడి గుడ్డ చుట్టి కాసేపు ఆగమంటాడు. ఆ తర్వాత సెల్ఫ్ కొడితే బండి లేస్తుంది. గొట్టం సైలెన్సర్‌కు మరీ దగ్గరగా పోతుంటే పక్కకు వంచి, బిగించి పంపిస్తాడు. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ఆ వేళ్లలో ఉన్న అనుభవం మాత్రం ఏ షోరూములోనూ దొరకదు.

పాత దిగుమతి జీపులను ఇంకా రోడ్డు మీద తిప్పుతున్నది అలాంటి వేళ్లే. డబ్బున్నవాడు బండి కొనగలడు. దాన్ని నడిచే స్థితిలో ఉంచడం మేస్త్రి వల్లే అవుతుంది.

పాత జీపుల పిచ్చి ఉన్నవాళ్లకు రాయ్‌పూర్ మంచి చోటు. 30వ నంబరు జాతీయ రహదారి జబల్‌పూర్, మండ్లా మీదుగా వచ్చి ఈ ఊరిని తాకి, ధమ్‌తరీ, కాంకేర్ దాటి, కేశ్‌కాల్ ఘాటు మలుపులెక్కి, జగ్దల్‌పూర్, సుక్మా, కోంటా, భద్రాచలం మీదుగా విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం చేరుతుంది. ఆ దారికి ఎగువన జబల్‌పూర్‌లో సైన్యం కోసం జోంగా అనే జీపు పుట్టింది. దిగువన విజయవాడలో 1966 నుంచి జవహర్ ఆటోనగర్ ఉంది. ఇనుముతో చేసిన ఏ వస్తువునైనా విప్పి బిగించగల ఊరు అది. రాయ్‌పూర్ శివార్లలోనే ఉర్లా, సిల్తారా ఉక్కు మిల్లులున్నాయి, మిల్లులున్న చోట లేత్ పనివాళ్లకు కొదవ ఉండదు. రైల్వే ఉద్యోగాలకో వ్యాపారానికో వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లలో పాత జీపు మోజున్నవాడికి ఎటు తిరిగినా దారి ఉంది.

జీపు పుట్టుక గురించి చెప్పాలంటే గ్రంథమే అవుతుంది, రెండు ముక్కలు చాలు. అమెరికాలో బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం కార్ల్ ప్రోబ్స్ట్ 1940 జూలైలో రెండే రోజుల్లో మొత్తం నమూనా గీశాడు, సెప్టెంబర్ 23న మొదటి బండి సైన్యం చేతికి వెళ్లింది. విల్లీస్ కంపెనీలో బార్నీ రూస్ అనే ఇంజినీరు ఓ మామూలు కారు ఇంజిన్‌నే పట్టుకుని చెక్కి చెక్కి 48 హార్స్‌పవర్‌ను 60కి తెచ్చాడు. దాని పేరే గో డెవిల్. యుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. మన దేశానికి వచ్చినవి యుద్ధం తర్వాత డిస్పోజల్ వేలాల్లో జమీందార్లకూ షికారీలకూ కాంట్రాక్టర్లకూ చేరాయంటారు. అందుకే ఆ తరం వాళ్లకు అవి నేటికీ డిస్పోజల్ జీపులే. 1947 నుంచి మహీంద్రా వాళ్లు ఇక్కడే జీపులు బిగించడం మొదలుపెట్టారు.

అసలు బండిని గుర్తుపట్టడం దగ్గరే మేస్త్రి గొప్పతనం తెలుస్తుంది. బానెట్ మీద తెల్ల నక్షత్రం వేసిన ప్రతిదీ యుద్ధపు జీపు కాదు. తెలిసినవాడు రంగు చూడడు, వంగి రేడియేటర్ కింద చాసిస్ ముందు అడ్డపట్టీ చూస్తాడు. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన తొట్టి ఆకారంలో ఉంటే ఫోర్డ్. తర్వాత బోల్టుల తలలు గుడ్డతో తుడుస్తాడు. ఫోర్డ్ వాళ్లు బోల్టుల మీద కూడా తమ ఎఫ్ అక్షరం అచ్చు వేసుకున్నారు. జాలీలో నిలువు చీలికలు తొమ్మిదుంటే యుద్ధకాలపుది, ఏడుంటే ఆ తర్వాత పౌరుల కోసం చేసిన సీజే. చివరగా ఫ్లోర్ కింద రేకు చట్రాలను సుత్తితో తట్టి వింటాడు. యుద్ధపు బండిలో ఆ రేకుల లోపల చెక్క పెట్టారు. చెక్క నీళ్లు తాగుతుంది, రేకును తుప్పు లోపలి నుంచే తినేస్తుంది. పైన పెయింటు నిగనిగలాడుతున్నా ఆ శబ్దంలో బోలుతనం దాగదు.

నిజమైన పనితనం చూడాలంటే ముందు ఇరుసు పని జరిగే రోజున గ్యారేజీలో కూర్చోవాలి. పాత జీపు స్టీరింగు గజగజ వణుకుతోందంటే సాధారణంగా అందరూ టైర్లను తిడతారు. చాలాసార్లు తప్పు కింగ్ పిన్ బేరింగులది. చక్రం తిరిగే గుండ్రటి నకిల్‌కు పైనా కిందా ఒక్కో బేరింగు, వాటి మూతల కింద కాగితమంత పలచటి షిమ్ములు ఉంటాయి. షిమ్ము తీస్తే బిగువు పెరుగుతుంది, వేస్తే తగ్గుతుంది. మేస్త్రి టై రాడ్డు విప్పేసి, ఆయిల్ సీలు పక్కన పెట్టి, స్టీరింగ్ ఆర్మ్ చివర కూరగాయల బండి మీద కనిపించే స్ప్రింగ్ త్రాసు తగిలించి నెమ్మదిగా లాగుతాడు. ముల్లు ఎక్కడ నిలిచిందో చూస్తాడు. ఎక్కువైతే ఒక షిమ్ము వేయడం, తక్కువైతే ఒకటి తీయడం, మళ్లీ లాగడం. పైన తీసినంతే కిందా తీయాలి, లేకపోతే ఇరుసు మధ్యరేఖ తప్పి లోపలి జాయింటు అరిగిపోతుంది. ఓపిక లేనివాడు గట్టిగా బిగించి వదిలేస్తాడు, నెల తిరిగేసరికి బేరింగులు పొడి అవుతాయి. ఈ పనిని సరిగ్గా చేసే చేతులు చూశాక మరే మరమ్మతూ గొప్పగా అనిపించదు.

ఆ నకిల్ లోపలి జాయింట్లు మరో లోకం. యుద్ధపు జీపుల్లో జెప్పా, బెండిక్స్, ట్రాక్టా అని రకాలుండేవి. స్టీరింగు పూర్తిగా తిప్పినా చక్రానికి ఒకే వేగం అందించే ఏర్పాట్లివి. ఇరుసు బయటికి లాగగానే జాయింటును చేత్తో తిప్పి ఏ రకమో చెప్పగలవాళ్లున్నారు.

ఇక ట్రాన్స్‌ఫర్ కేస్. డ్రైవరు పక్కన గేరు రాడ్డు కాక మరో రెండు పొట్టి కడ్డీలుంటాయి. ఒకటి ముందు చక్రాలకు శక్తినిస్తుంది, రెండోది లో రేంజ్‌లోకి దింపుతుంది. ఫోర్ వీల్ వేయకుండా లో రేంజ్ పడదు, అలా కట్టుదిట్టం చేశారు. యుద్ధకాలపు విల్లీస్ అయిన ఎంబీలో లో రేంజ్ ఫస్ట్ గేర్ వేస్తే ఇంజిన్ పాతిక సార్లకు పైగా తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఆ నెమ్మదే బలం. ఈ డబ్బా లోపలి మధ్య షాఫ్టు యుద్ధపు బండిలో ముప్పాతిక అంగుళం లావే ఉండేది, తర్వాతి జీపుల్లో అంగుళంబావు దాకా పెంచారు. అరిగితే గేర్లు కూత పెడతాయి, ఆయిల్ కారుతుంది. కొత్త షాఫ్టు కోసం ఢిల్లీ మాయాపురి పాతసామాన్ల బజారు దాకా వెతుకుతారు. దొరక్కపోతే లేత్ మీద చేయించడమే. పాత షాఫ్టులో అరగని అంచు దగ్గర మైక్రోమీటరు పెట్టి అసలు కొలత తీసుకుని, మంచి ఉక్కు తిప్పి, కాల్చి గట్టిపరిచి, చివరికి గ్రైండింగు చేస్తే అది అమెరికాలో చేసిన షాఫ్టుకు ఏమాత్రం తీసిపోదు. మెత్తటి ఇనుముతో చవగ్గా చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు పని ఇవ్వడమంటే గేర్‌బాక్సును చేతులారా చంపుకోవడమే.

నడపడంలోనూ విద్య ఉంది. ఫస్ట్ గేర్‌కు సింక్రో లేదు కాబట్టి క్లచ్చు రెండుసార్లు తొక్కాలి, మధ్యలో న్యూట్రల్‌లో రేజు చేయాలి. నున్నటి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తిప్పితే ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ లేదు కనుక షాఫ్టులు మెలిపడతాయి, కడ్డీ బయటికి రానంటుంది. ఛత్తీస్‌గఢ్ మట్టి ఈ బండ్లకు సరైన పరీక్ష. ఎర్ర కంకర భాఠా నేల మీద ఎవరైనా నడుపుతారు. వానాకాలంలో కన్హార్ నల్లమట్టి టైరు గాళ్లను నింపేసి నున్నటి బంతిని చేస్తుంది. అక్కడ తొందరపడి యాక్సిలరేటర్ తొక్కినవాడు ఇరుసు దాకా దిగబడతాడు. లో సెకండ్‌లో స్టీరింగును ఇటూ అటూ కొద్దిగా ఊపుతూ టైరు పక్కలతో పట్టు వెతుక్కునేవాడు బయటపడతాడు. రాజిమ్ దగ్గర మహానది ఇసుకలో దిగేముందు టైర్ల గాలి తగ్గించాలి. వాగు దాటాక బ్రేకు మీద కాలు తేలికగా ఆనించి కాస్త దూరం నడిపి డ్రమ్ములు ఆరబెట్టాలి. ఇంటికొచ్చాక ఇరుసు ఆయిల్ చూడాలి, పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టే. కమాన్ కట్టల పిన్నులకు గ్రీజు కొట్టడం ఆ రోజే చేయాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు.

మహీంద్రా సీజే–3బీ మీద అభిమానం దాచుకోనక్కర్లేదు. ఎత్తు బానెట్ చూసి వెక్కిరించేవాళ్లకు అసలు సంగతి తెలియదు. విల్లీస్ వాళ్లు ఇన్‌లెట్ వాల్వులను బ్లాకులోంచి హెడ్‌లోకి తెచ్చారు, ఇంజిన్ పొడుగైంది, బానెట్ కూడా లేచింది. బదులుగా వచ్చిన బలం 70 హార్స్‌పవర్ దాటింది. జోంగా ఇంకో జాతి. నిస్సాన్ పెట్రోల్ 60 నమూనా మీద జబల్‌పూర్ వాహన కర్మాగారం 1969 నుంచి మూడు దశాబ్దాలు కట్టిన బండి, దాదాపు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్. తాగుడు విపరీతమే, కాదనేవారు లేరు. కానీ ఆ ఇంజిన్ నడక విన్నవాడు ఇంధనం లెక్క వేయడు. జీపు సత్తా ఏమిటో 1965 సెప్టెంబర్‌లో, పాకిస్తాన్‌తో యుద్ధంలో, ఖేమ్‌కరణ్ పొలాల్లో మన సైనికుడు అబ్దుల్ హమీద్ చూపించాడు. జీపు మీద బిగించిన రికాయిల్‌లెస్ తుపాకీతో ప్యాటన్ ట్యాంకులను పేల్చి, అక్కడే నేలకొరిగి, పరమవీర చక్ర అందుకున్నవాడయ్యాడు. సైన్యంలో వాహనాల మరమ్మతులు చూసే ఈఎంఈ కోర్ జవాన్లు ప్రదర్శనల్లో జీపును నిమిషాల్లో ముక్కలుగా విప్పి, మళ్లీ బిగించి, ఎక్కి నడుపుకుంటూ వెళ్లిపోతారు. ఆ కోర్ కళాశాల సికింద్రాబాద్‌లోనే ఉంది.

ఇంత చరిత్ర ఉన్న బండి పేరు మీద జరుగుతున్న మోసం చూస్తే కడుపు రగులుతుంది. పంజాబ్, హర్యానా సరిహద్దులోని డబ్వాలీలో కొత్త రేకుతో జీపులు కట్టే పనివాళ్లు నిజంగా నేర్పరులు, వాళ్ల చేతిని తప్పుపట్టనక్కర్లేదు. ఆ కొత్త బాడీకి పచ్చ రంగు పూసి, నక్షత్రం వేసి, లోపల ట్రాక్టరు జాతి డీజిల్ ఇంజిన్ దాచి, ఇదే ‘వరల్డ్ వార్ విల్లీస్’ అని లక్షలు గుంజే దళారీలదే నేరం. ఆ బండికి ఆర్సీ ఒక జీపుది, చాసిస్ ఇంకోదానిది. తయారీ కంపెనీ ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే తేల్చి చెప్పింది. అయినా కొనేవాడు కొంటూనే ఉన్నాడు. దీనికంటే బాధాకరం, నిజమైన విల్లీస్‌లోంచి గో డెవిల్‌ను పెకిలించి పాతసామాన్లకు తూకానికి వేసి, మైలేజీ కోసం డీజిల్ దించడం. బరువైన డీజిల్‌కు ముందు కట్టలు కుంగుతాయి, ఆ వణుక్కి రేకు చిట్లుతుంది. మైలేజీ కావాల్సినవాడు వేరే బండి కొనుక్కోవాలి. ఉన్న కాసిని అసలు ఇంజిన్లను ఇలా కరిగించే హక్కు ఎవరికీ లేదు.

ప్రభుత్వం తీరు ఇంకో దెబ్బ. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన కారుకు రీ-రిజిస్ట్రేషన్ రుసుము 5,000 రూపాయలు, అదే దిగుమతి కారుకు 40,000. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన వాటికి 10,000, దిగుమతి వాటికి 80,000 చేశారు. 50 ఏళ్లు దాటి, మార్పులు లేని బండ్లకు 2021లో వింటేజ్ నిబంధనలు తెచ్చారు, వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తామన్నారు. అది మేలే. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలో నిలబెట్టడానికి పనికొచ్చే అనుమతి వాగు దాటే జీపుకు ఏం సుఖం? మధ్యలో, పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో అయిన దిగుమతి ల్యాండ్ క్రూయిజర్‌ను అపురూపంగా చూసుకుంటున్నవాడి మీద 80,000 రుసుము శిక్షే. పొగ తక్కువ, బ్రేకులు సరిగ్గా ఉన్నాయని పరీక్షలో తేలిన బండికి రుసుము తగ్గించడంలో ఖజానాకు పోయేదేమీ లేదు.

పాత మేస్త్రుల కొడుకులు ఇప్పుడు షోరూముల్లో స్కానరు పట్టుకుంటున్నారు, జీతం అక్కడే ఉంది, వాళ్లను అనడానికేమీ లేదు. యజమానులు చేయగలిగింది చాలానే ఉంది. తీసేసిన పాత భాగాన్ని అమ్మకుండా దాచండి, లేత్‌వాడికి కొలత కావాలంటే అదే ఆధారం. మేస్త్రి పని చేస్తున్నప్పుడు ఫోన్‌తో వీడియో తీయండి, షిమ్ముల లెక్క రాసిపెట్టండి. మంచి పనికి బేరం ఆడకండి. రాయ్‌పూర్, విజయవాడ, హైదరాబాద్ ఐటీఐలు వారానికి ఒక పూట ఓ రిటైరైన మేస్త్రిని పిలిచి, ఒక సీజే–3బీ ఇంజిన్‌ను స్టాండు మీద పెట్టించాలి. పాయింటు గ్యాప్ 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), ప్లగ్గు గ్యాప్ 30 థౌ, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అని ఫీలర్ గేజ్ పిల్లల చేతికిచ్చి అక్కడి నుంచి మొదలుపెట్టినా చాలు.