అయిదు గొంతుల కచేరీ

1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫామికామ్ అనే వీడియో గేమ్ యంత్రంలో ధ్వనికి ఉన్నవి అయిదే చానళ్లు: రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, చిన్న శాంపిళ్లకు ఒకటి. 1985లో కోజి కోండో సూపర్ మారియో బ్రదర్స్ బాణీలు కట్టింది వీటితోనే. ఇప్పటి అభిమానులు వెనక్కి నడుస్తున్నారు. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 ఆటకి నొబువొ ఉయెమాత్సు చేసిన సంగీతాన్ని తెచ్చి ఆ అయిదింటిలో సర్దుతారు.

పనితనమంతా ఆ సర్దడంలోనే ఉంది. మూడు స్వరాలు కలిసి మోగాల్సిన చోట ఒక్క చానలే మిగిలితే, సెకనుకు అరవైసార్ల దాకా స్వరం మార్చి మార్చి పలికిస్తారు, చెవి మోసపోతుంది. ట్రయాంగిల్‌కి శబ్దంలో హెచ్చుతగ్గులు లేవు, మోగడమో ఆగడమో. అయినా బేస్ దానిచేతే మోయిస్తారు, మధ్యలో స్వరాన్ని చటుక్కున కిందికి జార్చి డ్రమ్ము దెబ్బ కూడా రాబడతారు. ప్రతిధ్వని కావాలా? అదే బాణీ రెండో పల్స్‌లో కాస్త ఆలస్యంగా, కాస్త తక్కువ శబ్దంతో. ఈ బాణీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఫామిట్రాకర్ తెర మీద ఇదంతా కిరాణా కొట్టు పద్దులా కనిపిస్తుంది.

పైపైన చిప్ శబ్దం పూసి, వెనక బోలెడు సింథసైజర్లు దాచేవాళ్లూ ఉన్నారు. వినసొంపే, కానీ నా ఓటు వాళ్లకు కాదు. ఆటల కంపెనీ కొనామీ కొన్ని ఫామికామ్ గేమ్ క్యాసెట్లలో పెట్టిన వీఆర్‌సీ6 చిప్‌తో మరో మూడు చానళ్లు తెచ్చుకుంటే మాత్రం పేచీ లేదు, అదీ ఆ కాలపు సామానే.