చూడనివారి చందా: అమెరికా కళాశాల క్రీడలు – కేబుల్ పంపిణీ

అమెరికాలో కళాశాలల ఫుట్‌బాల్ ప్రసారాలను పరిమితం చేసిన ఎన్.సి.ఎ.ఎ. విధానాన్ని సుప్రీంకోర్టు 1984లో కొట్టివేసింది. ప్రసారాలు పెరిగాయి, ప్రేక్షకుని ఎంపిక మాత్రం ఆ మేరకు పెరగలేదు. 2007లో ఆరంభమైన బిగ్ టెన్ నెట్‌వర్క్‌ను సభ్య విశ్వవిద్యాలయాలున్న రాష్ట్రాల్లో కేబుల్ సంస్థలు సాధారణ ప్యాకేజీలో చేర్చాయి. దానితో ఆట చూడని కుటుంబం కూడా నెలనెలా ఆ ఛానెల్ రుసుమును భరించింది. 2014లో రట్గర్స్, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయాలు ఆ కూటమిలో చేరడం వెనుక న్యూయార్క్, వాషింగ్టన్ పరిసరాల కేబుల్ గృహాల లెక్క ఉంది. దీనికి భిన్నంగా, 2012లో కూటమి సొంత యాజమాన్యంలోనే వెలసిన పాక్-12 నెట్‌వర్క్‌కు డైరెక్‌టీవీతో ఒప్పందం కుదరలేదు. కూటమి చెదిరిపోగా అది 2024లో మూతపడింది. ఈ రెండు ఉదాహరణలను బట్టి యాజమాన్యం కంటే పంపిణీయే బలమైనదని తేలుతుంది. విద్యాసంస్థల పొత్తులను పొరుగు పోటీల సంప్రదాయం కాక చందాదారుల సంఖ్య నిర్ణయించడమే ఈ వ్యవస్థలోని మౌలిక లోపం.