పక్కనున్నవాళ్లకు నేర్పాల్సిన పని

పనిచోట ఒక ఆడమనిషికి వేధింపు ఎదురైనప్పుడు, అది చూసినవాళ్లు ఏం చేయాలో ముందే చెప్పి, నోటితో అనిపించి, అలవాటు చేయించే శిక్షణ ఒకటుంది. వేధించేవాడికి నీతులు చెప్పడం దాని పని కాదు. వేధింపుకు గురైన మనిషికి జాగ్రత్తలు చెప్పడమూ కాదు. అక్కడే నిలబడి ఉన్న మూడో మనిషి కోసం పుట్టిన శిక్షణ అది. అమెరికాలోని షికాగో నగరం 2022 నుంచి ప్రతి ఉద్యోగికీ ఏటా ఒక గంట ఈ పాఠం తప్పనిసరి చేసింది. మన దేశంలో పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 నాటి చట్టం అవగాహన సదస్సులు పెట్టే బాధ్యతను యజమానిపై ఉంచింది గానీ, సాక్షులకు నేర్పే పాఠాన్ని విడిగా పేర్కొనలేదు.

చూసినవాళ్లు ఊరుకునేది మనసు లేక కాదు. 1968లో బిబ్ లాటనే, జాన్ డార్లీ అనే మనస్తత్వవేత్తలు ఒక గదిలోకి పొగ వదిలి చూశారు. ఒంటరిగా కూర్చున్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. ఉలుకూ పలుకూ లేని ఇద్దరి పక్కన కూర్చున్నవాళ్లలో 10 శాతం మందే కదిలారు. నలుగురిలో ఉన్నప్పుడు మనిషి మొదట పక్కవాళ్ల మొహం చూస్తాడు. వాళ్లు మామూలుగా ఉంటే ఇదేమంత పెద్ద విషయం కాదేమో అనుకుంటాడు. అలాగని జనం ఎప్పుడూ చూస్తూ నిలబడిపోతారనీ కాదు. మూడు దేశాల్లో వీధి కెమెరాలకు చిక్కిన 219 గొడవలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పదింట తొమ్మిది చోట్ల ఎవరో ఒకరు అడ్డుపడ్డారు. వీధిలో అడ్డుపడిన మనిషే పనిచోట వెనక్కి తగ్గితే, అందుకు కూలి పోతుందన్న భయం ఒక పెద్ద కారణం.

కళారంగంలో ఈ భయం మరీ ఎక్కువ. ఇక్కడ నెల జీతం ఉండదు, ఒక పని అయ్యాక ఇంకో పని పిలుపు మీదే బతుకు. పిలిచేది మేనేజరో, ఏజెంటో, డాన్స్ మాస్టరో. అతని చేయి అసభ్యంగా తగలడం చూసిన లైట్‌బాయ్‌కి రేపటి బేటా (రోజు భత్యం) కూడా ఆ చేతిమీదుగానే రావాలి. 2018 ఏప్రిల్‌లో నటి శ్రీరెడ్డి హైదరాబాద్ ఫిల్మ్ ఛాంబర్ ముందు నిరసనకు దిగాకే తెలుగు సినిమాలో ఈ మాట బహిరంగమైంది. మరుసటి ఏడాది తెలంగాణ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ నివేదికను బయటపెట్టాలని 2024 ఆగస్టులో నటి సమంత కోరారు. కేరళలో సినిమా రంగంపై వేసిన జస్టిస్ హేమ కమిటీ నివేదిక కూడా 2019 డిసెంబరులో ప్రభుత్వం చేతికి చేరి, 2024 ఆగస్టు దాకా వెలుగు చూడలేదు. కమిటీలు కాగితం తెచ్చేలోపు ఎన్నో షూటింగులు అయిపోతాయి. ఆ రోజు సెట్లో ఉన్నవాళ్లకు నేర్పడం మీద పట్టుబట్టాల్సింది అందుకే.

సినిమా అనగానే హైదరాబాదే గుర్తొస్తుంది గానీ, ఈ పాఠం గద్వాల జిల్లాలోని అయిజకూ కావాలి. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో కళతో బతికేవాళ్లు తక్కువేం కాదు. నూలు చీరకు పట్టు అంచు కలిపే గద్వాల నేత ఉంది. తెల్లవార్లూ సాగే పద్యనాటకాలు, పెళ్లి వీడియోలు, యూట్యూబ్ జానపద పాటల చిత్రీకరణలు ఉన్నాయి. ఇవి చాలావరకు కొద్దిమంది కలిసి చేసే పనులు. కండెలు చుట్టే అమ్మాయికి షావుకారు ఇల్లే పనిచోటు. నాటకంలో ద్రౌపది వేసే ఆమెకు ఊరివాళ్లు చూపిన గదే మేకప్ గది. ఫిర్యాదుల పెట్టె తగిలించడానికి గోడ కూడా లేని పనులివి. ఇలాంటి చోట పక్కనున్న మనిషే మొదటి రక్షణ.

ఈ శిక్షణలో సాధారణంగా ఐదు దారులు చెబుతారు. సూటిగా వద్దనడం అందులో ఒకటి మాత్రమే, అది అందరికీ సాధ్యం కాదు. అందరికీ అందేది మాట మళ్లించడం. పాట చిత్రీకరణలో స్టెప్పు చూపించే నెపంతో మాస్టరు అమ్మాయి నడుము మీద చేయి వేసి తీయడం లేదనుకుందాం. ఆమె బిగుసుకుపోయింది. కెమెరా పట్టుకున్న కుర్రాడు "అన్నా, ఫోకస్ పోయింది, ఒక్క నిమిషం పక్కకు జరుగు" అంటే చాలు. బట్టలు చూసే ఆమె "అక్కా, పిన్ను ఊడింది, ఇట్ల రా" అని చేయి పట్టి పిలిస్తే చాలు. గొడవ లేదు, ఆమె అక్కడి నుంచి బయటపడింది. వినడానికి చిన్న మాటలే, అయినా ముందు పదిసార్లు అనిపిస్తే గానీ ఆ క్షణాన నోటికి రావు. శిక్షణలో ఎక్కువ సేపు దీనికే ఇవ్వాలి.

తనకు బలం చాలనప్పుడు చాలినవాళ్లకు చెప్పడం ఇంకో దారి. నిర్మాతకో, పెద్ద నటికో, నాటకమైతే హార్మోనియం మాస్టరుకో. నాలుగోది తేదీ, సమయం, అన్న మాటలు అన్నట్టుగా రాసిపెట్టడం. వీడియో తీస్తే అది ఆమెకే ఇవ్వాలి, గ్రూపుల్లో పెట్టకూడదు. ఫిర్యాదు చేసిన మహిళ ఎవరో బయటపెట్టకూడదని చట్టమే చెబుతోంది. ఐదోది, జరిగిపోయాక పక్కకు వెళ్లి "నేను చూసిన, నీ తప్పేం లేదు, ఏం చేద్దామంటవు?" అని అడగడం. ఏం చేయాలో ఆమెకు చెప్పేయడం కాదు, ఆమెను అడగడం. చాలామంది తడబడేది ఇక్కడే. జాలితో మొదలైన మాట "ఆ టైముకు అక్కడికెందుకు పోయినవ్" దగ్గర తేలుతుంది.

చట్టంలో సాక్షి తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి వెళ్తుంది. అయిజ వాళ్లకది గద్వాలలో. అయితే గ్రామీణ ప్రాంతంలో మండల స్థాయిలో, పట్టణంలో వార్డు లేదా మున్సిపాలిటీ స్థాయిలో ఒక నోడల్ అధికారిని పెట్టాలనీ, ఆయన ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలనీ నియమం. దినకూలీ అయినా, ఏజెంటు ద్వారా వచ్చినా, యజమాని ఏర్పాటు చేసిన బండిలో జరిగినా చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు. రాయలేని మహిళకు ఫిర్యాదు రాయడంలో సాయపడే బాధ్యత కమిటీదే. శారీరక అశక్తత వల్ల ఆమె ఫిర్యాదు చేయలేకపోతే తోటి పనివాళ్లు చేయవచ్చు. సంగతి తెలిసిన వేరొకరైతే ఆమె రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి.

ఈ పాఠం మొదటి షాటుకు ముందే చెప్పాలి, డబ్బు పెట్టిన మనిషిని కూడా కూర్చోబెట్టి చెప్పాలి. నోరు విప్పిన లైట్‌బాయ్‌ని మరుసటి రోజు పిలవకపోతే ఆ తర్వాత ఎవరూ నోరు విప్పరు. అందుకే సాక్షిగా నిలిచినవాళ్ల కూలి, తర్వాతి పిలుపు ఆగవని యజమాని అందరి ముందూ చెప్పి, పని ఒప్పందంలో రాసి ఇవ్వాలి. ఒప్పంద పత్రమే లేని చోట నోడల్ అధికారి పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితాన్ని మేకప్ గది తలుపుకు, మగ్గం గుంట పక్క గోడకు అతికించడంతో మొదలుపెట్టవచ్చు.