మేమా, మనమా? – లారీ నార్మన్ ‘అపాన్ దిస్ రాక్’

భక్తి పాట ఎవరిని ఉద్దేశించి పాడతారు? త్యాగరాజు ఎక్కువగా రాముడితోనే మాట్లాడాడు. కాస్త మందలించాలనిపిస్తే తన మనసునే పిలిచి మందలించుకున్నాడు. గోల్కొండ చెరసాలలో ఉన్న కంచర్ల గోపన్న అయితే ఏ నగకి ఎంతైందో లెక్క చెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు. ఆ మాటలు మనతో అన్నవి కావు, పక్కన కూర్చుని విన్నవాళ్ళం మాత్రమే. దేవుడి మీద నమ్మకం లేనివాడికి కూడా ఆ పాటలు వింటే గొంతు పట్టేయడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం.

అమెరికాలో క్రైస్తవ రాక్ సంగీతం దాదాపు దీనికి ఎదురు దిక్కునుంచి మొదలైంది. అందులో గాయకుడు దేవుడితో కాక ఎదురుగా కూర్చున్న మనిషితో, అంటే మనతో మాట్లాడతాడు. ఆ సంగీతానికి మొదటి ఆల్బంగా చాలామంది లెక్కవేసే లారీ నార్మన్ ‘అపాన్ దిస్ రాక్’ని ఈ కోణంలోంచి చూడాలని ఈ వ్యాసం.

ముందు కాస్త చరిత్ర. ఈనాడు ఏ అపార్ట్‌మెంటు తలుపు తట్టినా ఇంగువ పోపు వాసన తగిలే శాన్ హోసేలో, మనవాళ్ళు ఇంకా పెద్దగా అడుగుపెట్టని 1960ల్లో ‘పీపుల్!’ అనే రాక్ బృందం ఉండేది. పేరు చివర ఆశ్చర్యార్థకం కూడా వాళ్ళదే. ఇంగ్లండుకి చెందిన జాంబీస్ బృందం పాట ‘ఐ లవ్ యూ’ని వీళ్ళు మళ్ళీ పాడితే, అది 1968లో బిల్‌బోర్డ్ జాబితాలో 14వ స్థానం దాకా వెళ్ళింది. బృందంలోని ఇద్దరు ముఖ్య గాయకుల్లో ఒకడైన నార్మన్‌కి అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళు. కుర్రవాళ్ళు కలలు కనే విజయం చేతికి వచ్చిన ఆ ఏడే ఆయన బయటికి వచ్చేశాడు. ఎందుకు విడిపోయారన్నది ఆయన ఒక రకంగా, తోటివాళ్ళు మరో రకంగా చెప్పారు. ఆ తగాదా మనకి అనవసరం. బయటికి వచ్చి ఏం పాడాడన్నదే మనకి ముఖ్యం.

1969 చివర్లో, ‘పీపుల్!’ రికార్డులు వేసిన కాపిటల్ సంస్థే ఆయన సొంత ఆల్బం విడుదల చేసింది. పేరులోనే శ్లేష ఉంది. పేతురుతో యేసు, ఈ బండ మీద నా సంఘాన్ని కడతానంటాడు. ఆ ‘రాక్’ బండా అవుతుంది, సంగీతమూ అవుతుంది. రాక్ సంగీతం సైతాను వాయిద్యమని చర్చిల్లో ప్రసంగాలు నడుస్తున్న రోజుల్లో, ఆ సంగీతం మీదే సంఘాన్ని కడతానన్నట్టు పేరు పెట్టడం చిన్న సాహసం కాదు. మన తెలుగునాట పంతొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి కర్ణాటక రాగాల్లో క్రీస్తు కీర్తనలు కట్టారు. ఈనాటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి ఊళ్ళలో ఆ పాటలు పాడుకుంటున్నారు. పరాయిదనుకున్న బాణీని తన దేవుడికి ఇవ్వడంలో ఇద్దరిదీ ఒకటే పని.

ఇక పాటలు. ఆల్బం అంతా ఒకే స్థాయిలో లేదు. ‘మోజెస్ ఇన్ ది విల్డర్‌నెస్’లో మోషే కథని పిల్లలకి చెప్పినంత సరదాగా చెబుతాడు. ‘స్వీట్ స్వీట్ సాంగ్ ఆఫ్ సాల్వేషన్’ నలుగురూ చప్పట్లు కొడుతూ పాడుకునే పాట. విన్నంతసేపూ హుషారుగానే ఉంటుంది, విన్న తర్వాత మిగిలేది తక్కువ. అసలు చిక్కు ‘ఫర్గెట్ యువర్ హెక్సాగ్రామ్’ దగ్గర వస్తుంది. హెక్సాగ్రామ్ అంటే చైనావాళ్ళ ‘ఐ చింగ్’ జోస్యంలో వచ్చే ఆరు గీతల గుర్తు. ఆనాటి హిప్పీ కుర్రకారుకి అదొక వ్యామోహం. మీ జోస్యాలు కట్టిపెట్టి యేసు వైపు తిరగండని పాట సారాంశం. పంచాంగం చూడకుండా కొత్త కారు కూడా ఇంటికి తీసుకురాని మన బోటివాళ్ళకి ఇది కాస్త గుచ్చుకుంటుంది. గుచ్చుకోవడం తప్పు కాదు, వేమన గుచ్చలేదా? కానీ ఈ పాటలో జోస్యాన్ని నమ్మేవాడు ఎందుకు నమ్ముతున్నాడో, ఏ భయంతో నమ్ముతున్నాడో ఒక్క క్షణం ఆగి చూడడం లేదు. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పడమే ఉంది. పేరులోని ‘యువర్’ అన్న మాటతోనే గాయకుడికీ శ్రోతకీ మధ్య గోడ లేచింది.

ఇదే ఆల్బంలో ‘ఐ విష్ వుయ్‌డ్ ఆల్ బీన్ రెడీ’ ఉంది. అందరం సిద్ధంగా ఉండి ఉంటే ఎంత బాగుండేది అని ఆ పేరుకి అర్థం. క్రీస్తు తిరిగి వచ్చి తనవాళ్ళని తీసుకుపోయాడు, మిగిలినవాళ్ళు మిగిలిపోయారు. సువార్తల్లో చెప్పినట్టు, పక్క మీద ఉన్న ఇద్దరిలో ఒకరు కనబడరు. నెమ్మదిగా, జోలపాటలా సాగుతుంది. సిద్ధాంతంగా చూస్తే ఇది హెక్సాగ్రామ్ పాట కంటే కఠినమైనది. క్రైస్తవులు కానివాళ్ళంతా మిగిలిపోయేవాళ్ళే కదా! అయినా ఈ పాట మనల్ని దూరం పెట్టదు. ఎందుకు?

దీనికి జవాబు తెలుగు వ్యాకరణంలో దొరికింది. ఇంగ్లీషు ‘వుయ్’కి తెలుగులో రెండు మాటలున్నాయి: మేము, మనం. ‘మేము’ అంటే ఎదుటివాడు బయట నిలబడతాడు, ‘మనం’ అంటే వాడూ లోపలికి వస్తాడు. మత ప్రచార గీతాల్లో వినిపించే ‘వుయ్’ తరచుగా ‘మేము’: మేము రక్షింపబడ్డాం, మీ సంగతి చూసుకోండి. నార్మన్ ‘వుయ్’ని అనువదించబోతే ‘మేము’ అనడానికి నోరు రాదు. ఆయన పరలోకపు అరుగు మీద కూర్చుని పాడడం లేదు. రైలు వెళ్ళిపోయిన ప్లాట్‌ఫారం మీద మనతోపాటు నిలబడి పాడుతున్నాడు. బెదిరింపు కావలసిన పాట విలాపంగా మారింది. ఆ సిద్ధాంతం నాకు అంగీకారం కాదు. విలాపం మాత్రం నాది కూడా అనిపిస్తుంది. వీసా స్టాంపింగు మధ్యలో తండ్రి కడచూపు దక్కనివాళ్ళకి, ఇంకొక్క సెలవు ముందే పెట్టి ఉంటే బాగుండేదని ఇన్నేళ్ళకీ అనుకునేవాళ్ళకి, సిద్ధంగా లేకపోవడం అంటే ఏమిటో ఏ మతమూ చెప్పనక్కరలేదు.

ఆల్బం అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. చర్చివాళ్ళకి అందులో రాక్ ఎక్కువైంది, రాక్ వాళ్ళకి మతం ఎక్కువైంది. కాపిటల్ ఆయన్ని వదులుకుంది. కానీ ఆ ఒక్క పాట ఆగలేదు. 1972లో వచ్చిన ‘ఎ థీఫ్ ఇన్ ది నైట్’ సినిమాలో వినిపించింది. 1995లో డీసీ టాక్ బృందం మళ్ళీ పాడింది. నార్మన్ 1972లో చేసిన ‘ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్’ని, ఆయన 2008లో కన్నుమూసిన ఆరేళ్ళకి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల పట్టికలో చేర్చింది. కళగా చూస్తే అదే మెరుగైన ఆల్బం, సందేహం లేదు. అయితే ఈ మొదటిదాంట్లో రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. తర్వాత పెద్ద వ్యాపారంగా ఎదిగిన క్రైస్తవ సంగీతంలో చాలా భాగం ‘మీరు’ దారే పట్టిందని నాకనిపిస్తుంది. అది సులువు. అప్పటికే నమ్మినవాళ్ళు ఎలాగూ తల ఊపుతారు.

ఈ విమర్శ మనకీ వర్తిస్తుంది. ఆదివారం బాలవిహార్‌లో, తెలుగు బడిలో, పండగ వేదికల మీద ఇక్కడ పుట్టిన పిల్లలతో మనం ఏ పురుషలో మాట్లాడుతున్నాం? మీ భాష మీరు మరిచిపోతున్నారు, మీ సంస్కృతి మీకు తెలియడం లేదు అంటాం. అదంతా హెక్సాగ్రామ్ పాటే. చెప్పే విషయం మంచిదే కావచ్చు, పిల్లలు మర్యాదగా విని ఐప్యాడ్ అందుకుంటారు. మరిచిపోతున్నవాళ్ళలో మనమూ ఉన్నాం. అమ్మమ్మ పాడిన పాటల్లో రెండో చరణం మనలో ఎందరికి వచ్చు? ఆ మాట ఒప్పుకుని మొదలుపెడితే వాళ్ళు ఇంకాసేపు కూర్చుంటారేమో.

నార్మన్ ఆల్బం అంతా వినమని నేను సిఫారసు చెయ్యను. ఆ రెండు పాటలూ మాత్రం వెంటవెంటనే వినండి. పాడింది ఒకే గొంతు, రాసింది ఒకే నమ్మకం. తేడా అల్లా, ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడన్న దాంట్లోనే.